హైల్వి గీసిన ఎలుగుపిల్లలు

గెంట్ నగరంలో సింహాన్ని చూడకుండా సింహం బొమ్మ వేసినవాళ్ళు కొల్లలుగా ఉన్నారు కానీ, హైల్వి అంత ధీమాగా వేసినవాళ్ళు లేరు. ఏనుక్కి మోకాళ్ళుండవనీ, చెట్టుకు ఆనుకుని నిలబడే నిద్రపోతుందనీ, మొసలి మనిషిని తిన్నాక కూర్చుని ఏడుస్తుందనీ ఆమెకు తన పేరు తెలిసినంత బాగా తెలుసు. ఎవరు చెప్పారని అడిగితే మామగారి నాటి నమూనా తోళ్ళు తీసి చూపించేది. గీతల వెంబడి సూదితో బెజ్జాలు పొడిచిన దూడతోలు ముక్కలవి. వాటిని పేజీ మీద పరిచి, బొగ్గుపొడి మూటతో పైన తడితే, కింద జంతువు చుక్కలు చుక్కలుగా లేచి వచ్చేది.

మొగుడు పోయాక ఆమె బావగారు గోస్విన్ నడిపే, చేతిరాత పుస్తకాలకు బొమ్మలు వేసే పనిశాలలోనే కుదురుకుంది. మనుషుల ముఖాలు గోస్విన్ వేసేవాడు, జంతువులన్నీ ఈమెవి. పేజీ అంచుల్లో కుందేళ్ళు వేటకుక్కను కట్టేసి లాక్కుపోవడం, నత్తను చూసి వీరుడు కత్తి జారవిడవడం లాంటివి ఎవరూ అడక్కుండానే వేసేది. ఆ పుస్తకాలు చేయించుకునే మఠం సన్యాసులు అవి చూసి ముక్కు విరిచేవారు. పేజీ మాత్రం తిప్పేవారు కాదు.

ఆమెకు ఒక్కతే కూతురు, లీవినె. అల్లుడు పడవ మీద గోధుమలు తోలేవాడు, ఏడాదిలో సగం నీళ్ళమీదే. లీవినెకు అప్పటికి ఇద్దరు పుట్టి ఇద్దరూ పోయారు. మూడోది పునీత అగాత పండుగనాడు, కాలువలు గడ్డకట్టిన చలిలో, నెలలు నిండకుండా పుట్టింది.

మంత్రసాని కాటెలీన్‌కు నోరు ఎంత జోరో చెయ్యీ అంతే. బిడ్డను చూడగానే గరిటెడు నీళ్ళతో జ్ఞానస్నానం కానిచ్చేసింది.

"బతికేది కాదే హైల్వీ. చూడు, మొత్తం ఒక ముద్ద. అందుకే ఆలస్యం చెయ్యలేదు. పండుగ ఎవరిదైతే వాళ్ళ పేరే పెట్టేశా, అగాత అని. ఇహ దేవుడి సొత్తు."

లీవినె గోడవైపు తిరిగి పడుకుంది. "నాకు చూపించొద్దమ్మా. ఇద్దర్ని చూశాను, చాలు. మళ్ళీ చూసి మళ్ళీ పోగొట్టుకునే ఓపిక నాకు లేదు."

హైల్వి బిడ్డను చేతుల్లోకి తీసుకుంది. ఎర్రగా, జిగటగా, ఒళ్ళంతా నూగు. ఆమె ఇలాంటిదాన్ని ఇదివరకు బొమ్మలో వేసింది. ఎలుగుపిల్ల పుట్టేటప్పుడు కళ్ళూ కాళ్ళూ తెలియని మాంసపు ముద్దగా పుడుతుంది, తల్లి నాకి నాకి దానికి రూపం తెస్తుంది. ఈ సంగతి మా ఊళ్ళో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు.

"ముద్దయితే ఏమైందే? ఇంకా పూర్తి కాలేదు, అంతే. పూర్తి చెయ్యాలి."

"ఎవరూ, ఎలుగుబంటా?"

"అది దొరక్కపోతే నేను."

"మీ పుస్తకాల్లో ఏనుక్కి మోకాళ్ళే లేవటగా! వాటిని నమ్ముకుని పసిగుడ్డుతో ఆటలా?"

"ఏనుగు సంగతి ఏనుగు చూసుకుంటుంది. నువ్వా శాలువా ఇటు పడెయ్."

మా దగ్గర పుట్టిన బిడ్డను గుడ్డపీలికలతో కాలూ చెయ్యీ కదలకుండా బిగించి చుడతారు. లేకపోతే ఎముకలు వంకరపోతాయని భయం. హైల్వి చుట్టనివ్వలేదు. ఎలుగుబంటి తన పిల్లను కట్టేస్తుందా అంది. వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. ఆమె గౌను ముందు విప్పి, బిడ్డను ఒంటికి ఆనించుకుని, పైన శాలువా బిగించింది.

నాకడానికి మాత్రం జంకింది. కుంచె కొనను పెదాలతో సన్నం చేసుకునే అలవాటు ఆమెది, పసుపు రంగేమో విషం. అందుకని వెచ్చని నూనెలో వేలు ముంచి, ఎలుగుపిల్లను బొమ్మలో ఏ వరసలో వేస్తుందో ఆ వరసలోనే రుద్దేది. ముందు మూతి, తర్వాత వీపు, తర్వాత కాళ్ళు. బిడ్డకు పీల్చే సత్తువ లేదు. ఉడుత వెంట్రుకల కొత్త కుంచె ఒకటి తీసి, పాలలో ముంచి, పెదవి మీద బొట్టు బొట్టుగా రాల్చేది. ఆ పాలు లీవినెవే. ముఖం తిప్పకుండానే గిన్నెలోకి పిండి, చెయ్యి వెనక్కి చాపేది. తాగిందా అని ఒక్కనాడూ అడగలేదు. గిన్నె ఖాళీగా తిరిగివస్తే మాత్రం మళ్ళీ నింపేది.

పని మానితే కుదరదు కాబట్టి హైల్వి అలాగే పనిశాలకు వెళ్ళింది.

"నీ గౌనులో ఏదో కదుల్తోంది. పిల్లిని పెంచుతున్నావా?" అన్నాడు గోస్విన్.

"మనవరాలండీ బావగారూ."

"ఇది పనిశాల, పురిటిగది కాదు! ఆ పేజీ తోలు మీద ఒక్క చుక్క పాలు పడాలీ..."

మర్నాటికల్లా ఆయనే ఆమె బల్లను పొయ్యి పక్కకు జరిపించాడు. అక్కడైతే వెలుతురు బాగుంటుందట. పొయ్యి పక్కన పొగ తప్ప వెలుతురెక్కడిది, పాపం!

ఒక మధ్యాహ్నం బిడ్డ నీలంగా తిరిగి, ఊపిరి ఆగిపోయింది. కబురందుకుని కాటెలీన్ పరుగున వచ్చింది. బతకదని చెప్పిన నోటితోనే, "వీపు నువ్వు రుద్దు, అరికాళ్ళు నేను రుద్దుతా, ఆపావంటే చంపుతా!" అని కేకలేసింది. గోస్విన్ కుంచె పట్టుకునే శిలువ గుర్తు వేసుకున్నాడు, నుదుటి మీద ఎర్ర రంగు అంటింది. అంతసేపటికి బిడ్డ తుమ్మింది. ముగ్గురూ ఏడ్చారు. గోస్విన్ మాత్రం తనకు పొగ పడలేదన్నాడు.

ఈస్టరు ముందు ఉపవాసాలుండే తపస్కాలం మధ్యలో, సన్యాసుల కోసం వేస్తున్న జంతువుల పుస్తకం ఎలుగుబంటి పేజీకి వచ్చింది. నమూనా ప్రకారం పిల్లలు పిండిముద్దల్లా ఉండాలి. హైల్వి ముద్దలే వేసింది, కానీ ఒక్కోదానికి వేళ్ళు పెట్టి, వేళ్ళకు గోళ్ళు పెట్టింది.

"తల్లి ఇంకా నాకనే లేదు, అప్పుడే గోళ్ళేమిటి?" అన్నాడు గోస్విన్.

"ఉంటాయండీ. నేను చూశాను."

"సన్యాసులు అడిగితే?"

"ఎలుగుబంటిని అడగమనండి."

ఆయన గొణుక్కుంటూ పేజీని ఆరబెట్టాడు.

ఆ రోజు హైల్వి ఇంటికొచ్చి శాలువా విప్పుతూ ఉండగానే బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. ఇన్నాళ్ళూ పిచ్చుక కిచకిచలే తప్ప అలాంటి ఏడుపు ఆ ఇంట్లో వినపడలేదు. లీవినె ఉలిక్కిపడి ఇటు తిరిగింది.

"అదేనా? అంత గట్టిగానా?"

"అదేనే."

లీవినె లేచి కూర్చుంది. బిడ్డను చాలాసేపు చూసింది. హైల్వి బిడ్డను వెలుతురులోకి పట్టింది. ఇప్పుడు కూతురు మళ్ళీ గోడవైపు తిరిగిందంటే తను చేసిందంతా నీళ్ళపాలేనని భయం.

"అమ్మా, ఎడమ చెవి ముడుచుకుపోయి ఉంది. చూసుకోలేదా?"

"చూశానే. అదొక్కటీ నా చేత కాలేదు."

"ఇటియ్యి. అది నేను చేస్తాను."

లీవినె బిడ్డను ఒళ్ళోకి తీసుకుని, తల వంచి, ఆ చిన్ని చెవిని నాకింది.