కామ్‌రేజ్ దోశలూ, కారు బ్యాటరీ

మొన్న కామ్‌రేజ్ రోడ్డు మీద మండుటెండలో పట్టుచీర కట్టుకుని కారు తోసిన ఆడమనిషి వీడియో మీ గ్రూపుల్లో ఎవరికైనా వచ్చిందా? వస్తే దయచేసి డిలీట్ చెయ్యండి. ఆ మనిషి నేనే! ఎట్లా జరిగిందో చెబుతా గానీ, నవ్వేదేదో చివర్లో నవ్వండి. మధ్యలో నవ్వితే లేచి వెళ్ళిపోతా. ఆ టైములో నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఇక్కడ సూరత్‌లో లాక్‌డౌన్‌కు ముందు బట్టల మార్కెట్టు పక్కన నాకు చిన్న టిఫిన్ సెంటర్ ఉండేది కదా. కరోనా దెబ్బకు అది మూతపడింది. ఖాళీగా కూర్చుంటే పిచ్చెక్కుతుందని ఇంట్లోనే ఇడ్లీ పిండి, దోశ పిండి రుబ్బి ప్యాకెట్లు కట్టడం మొదలుపెట్టాను. మా ఆయన శ్రీనివాస్ మార్కెట్లో ఒక సేఠ్ దగ్గర లెక్కలు రాస్తాడు. మార్కెట్టే సగం రోజులు బంద్. అందుకని ఆయనకు డ్రైవర్ ఉద్యోగం నేనిచ్చాను. పొద్దున్నే పాత కారులో ప్యాకెట్లు వేసుకుని ఇద్దరం సూరత్ చుట్టుపక్కల ఊళ్ళు, కిమ్ దాకా, కడోదరా దాకా తిరిగేవాళ్ళం. ప్యాకెట్ మీద ‘పులుపు ఎరుగని పిండి’ అని ఎర్రక్షరాల్లో అచ్చేయించాను. ఆ మాట మీద నాకు ఎంత గర్వమో మీకు చెప్పక్కర్లేదు.

కానీ సూరత్ ఎండలకు నా గర్వంతో ఏం పని? కిమ్ చేరేసరికి ప్యాకెట్లు బుడగల్లా ఉబ్బేవి. ఒక డాక్టరమ్మ గారైతే ఫోన్ చేసి, ‘ఏమండీ, కత్తెర పెట్టగానే మీ పిండి నా కళ్ళజోడు మీదికి దూకిందండీ’ అన్నారు. తల కొట్టేసినట్టయింది నాకు. ఆ రోజే ఆన్‌లైన్లో వెతికి కారులో పెట్టుకునే ఫ్రిజ్ ఒకటి తెప్పించాను. అడవుల్లో టెంట్లు వేసుకుని పడుకునేవాళ్ళు తీసుకెళ్తారు చూడండి, ఆ రకం. కారులో సిగరెట్ లైటర్ సాకెట్‌లో ప్లగ్గు గుచ్చితే చాలు, కూల్ అవుతుంది. నాకు అడవీ లేదు, టెంటూ లేదు. పిండి మాత్రం బోలెడుంది!

ఫ్రిజ్ వచ్చిన రోజే దానికి కవరు కుట్టాను. మనిళ్ళల్లో కవరు లేని వస్తువేదైనా ఉందా చెప్పండి? టీవీకి కవరు, మిక్సీకి కవరు, గ్రైండర్‌కు కవరు, రిమోట్‌కు కూడా ప్లాస్టిక్ కవరు. పైగా సూరత్‌లో ఉండి గుడ్డకు కరువా! మా ఆయన మార్కెట్ నుంచి తెచ్చిన కట్‌పీసుల్లో మెరూన్ మఖ్మల్ తీసి, అడుగున కాటన్ లైనింగ్ వేసి, చుట్టూ జరీ లేసు పెట్టి, పెళ్ళికూతురు జాకెట్టు కుట్టినంత శ్రద్ధగా కుట్టాను. ఇంటికి వచ్చినవాళ్ళందరినీ పార్కింగ్‌లోకి తీసుకెళ్ళి మరీ చూపించాను.

రెండో రోజే కారు స్టార్ట్ కాలేదు. సెల్ఫ్ కొడితే ‘టిక్’ అని ఒక్క చప్పుడు, అంతే. బ్యాటరీ డౌన్!

‘సుజాతా, గీ ఫ్రిజ్జే తాగుతున్నట్టుంది. జర చెక్ చేద్దాం’ అన్నాడు మా ఆయన.

‘నువ్వు డోర్ లైట్ బంద్ చెయ్యకుండ కొత్త ఫ్రిజ్ మీద పడతవేందయ్యా?’ అన్నాను.

పక్కింటి కారుకు వైర్లు కలిపి స్టార్ట్ చేశాం. రెండు రోజులు బాగానే ఉంది. మళ్ళీ టిక్! బ్యాటరీ పాతదేమో అని కొత్తది వేయించాం. అదీ టిక్! బ్యాటరీ షాపుకు వెళ్ళి నకిలీ సరుకు అంటగట్టావని అతనితో గొడవ పెట్టుకున్నాను. పాపం, అతను మాస్కు లోపల ఏం గొణుక్కున్నాడో నాకు వినపడలేదు. అదృష్టం.

తర్వాత మెకానిక్ వంతు. అతని చేతులకంతా గ్రీజు. మఖ్మల్ పాడవుతుందని కవరు తీసి, మడత పెట్టి, నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా ఫ్రిజ్ నడిపి చూశాడు. కాసేపు నడవడం, చల్లబడగానే ఆగడం, మళ్ళీ కాసేపు నడవడం. ‘దీదీ, ఫ్రిజ్ ఓకే. గాడీ భీ ఓకే’ అన్నాడు. ఇంకో సంగతి కూడా చెప్పాడు. మా కారులో ఆ సాకెట్ తాళంచెవి తీసేసినా కరెంటు ఇస్తూనే ఉంటుందట. అయినా ఇట్లా ఆగి ఆగి నడిస్తే బ్యాటరీ అంత తొందరగా దిగదు, ఫికర్ వద్దన్నాడు. మేం సంతోషంగా కవరు తొడిగి ఇంటికొచ్చాం. మర్నాడు పొద్దున టిక్!

అప్పుడు నా బుర్రకు ఒక గొప్ప ఆలోచన వచ్చింది. మెకానిక్ షెడ్డు నీడలో ఉంది, మన పార్కింగ్‌లో ఎండ పడుతుంది. ఎండకు ఫ్రిజ్ వేడెక్కి ఎక్కువ కరెంటు తాగుతోంది. దానికి మందేంటి? కవరు మందంగా ఉండాలి! వెంటనే కూర్చుని లోపల దూది పెట్టి ఇంకో పొర కుట్టాను. ఆపైన కూడా బ్యాటరీ దిగితే మరో పొర. ప్రతిసారీ ‘ఇక చూడు’ అనేదాన్ని. మా ఆయన చూసేవాడు. ఏమీ అనేవాడు కాదు. ఆయన అట్లా ఏమీ అనకపోతే నాకు ఇంకా ఒళ్ళు మండుతుంది.

ఇంతలో కామ్‌రేజ్ నుంచి హంసాబెన్ ఫోన్. నా పాత టిఫిన్ సెంటర్ కస్టమర్. వాళ్ళమ్మాయి నిశ్చితార్థం. కరోనా రూల్స్ వల్ల ఎక్కువమందిని పిలవడానికి లేదు, చీకటి పడేలోపు అందరూ ఇళ్ళకు చేరాలి. అందుకని మధ్యాహ్నం భోజనంలో లైవ్ దోశ కౌంటర్ పెట్టమంది. ‘సుజాతాబెన్, మీ పిండి పులవదు కదా, అందుకే మిమ్మల్నే అడుగుతున్నా’ అంది. సెంటర్ మూతపడ్డాక నాకొచ్చిన మొదటి ఫంక్షన్ ఆర్డర్ అది! ఇది బాగా జరిగితే నలుగురి నోట్లో నా పేరు పడుతుంది, మళ్ళీ ఒక కొట్టు తెరిచే ధైర్యం వస్తుంది. చెడిందా, ఇక పిండి ప్యాకెట్లే గతి.

ముందురోజు సాయంత్రం పిండి రుబ్బి స్టీలు క్యాన్లలో పోసి కారు ఫ్రిజ్‌లో పెట్టాం. పొద్దున కారు ‘గర్ర్... గర్ర్...’ మని ముసలాయన మంచం మీంచి లేచినట్టు లేచింది. లేచింది కదా, చాలు! పట్టుచీర కట్టుకుని, పెనాలు, స్టవ్వు డిక్కీలో వేసుకుని బయల్దేరాం. దారిలో కడోదరాలో ప్యాకెట్లు ఇచ్చి కామ్‌రేజ్ వైపు తిరిగాం.

కామ్‌రేజ్ ఇంకో పది నిమిషాలుందనగా పోలీసుల చెకింగ్. మాస్కులు, పాసులు, ఎక్కడికి, ఎందుకు అన్నీ అడుగుతున్నారు. ముందర పెద్ద లైను. మా ఆయనకు పెట్రోల్ అంటే ప్రాణం. బండి ఆగగానే ఇంజన్ ఆపేశాడు. ఎండ చూస్తే అగ్గి కురుస్తోంది. లైను కదలదు. ఫ్రిజ్ మాత్రం గుయ్యిమని నడుస్తూనే ఉంది. మెకానిక్ దగ్గర ఆగి ఆగి నడిచింది కదా, ఇదేంటి ఒక్క క్షణం ఆగదేం అనుకున్నాను. అనుకుని ఊరుకున్నాను, చూడండి నా తెలివి! కాసేపటికి ఆ గుయ్యి సన్నబడి, మూలిగి, ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే ముందున్న బండి కదిలింది. మా ఆయన తాళంచెవి తిప్పాడు.

టిక్!

వెనకాల హారన్లు. హంసాబెన్ ఫోన్: ‘బెన్, ఎక్కడిదాకా వచ్చారు? పూజ అయిపోవస్తోంది.’ ‘వచ్చేశాం బెన్, రెండు నిమిషాలు’ అని పచ్చి అబద్ధం చెప్పాను. ఇక నా కోపమంతా మా ఆయన మీద.

‘ఇంజన్ ఎవడు ఆపమన్నడు నిన్ను? గింత పెట్రోల్ పోతే ఏం మునుగుతది? ఇజ్జత్ పోతాంది నాది!’

‘గా ఫ్రిజ్ కొనొద్దని నేను మొత్తుకున్ననా లేదా?’ నెలరోజుల్లో మొదటిసారి ఆయన కూడా అరిచాడు.

‘మొత్తుకున్నవ్! ఇప్పుడు ముందు ఫ్రిజ్‌ను సల్లగుంచు. దిగు!’

నీళ్ళ బాటిల్ తీసి తువ్వాలు తడిపాను. నా ప్లాన్ ఏంటంటే, మఖ్మల్ మీద తడి తువ్వాలు ఇంకో పొర వేద్దామని! కవరు పైన వేస్తే జరీ పాడవుతుంది, అందుకని లోపల పెడదామని కవరు పక్కన కొంచెం పైకెత్తి చెయ్యి దూర్చాను. ‘అమ్మా!’ అని చెయ్యి వెనక్కి లాక్కున్నాను. లోపల ఇస్త్రీపెట్టె అంత వేడి! కవరు మొత్తం పీకి చూశాం. ఫ్రిజ్ పక్కన వరసగా చిన్న కన్నాలు. లోపలి ఫ్యాన్ వేడి గాలిని బయటికి కొట్టే దారి అది. కొన్న రోజు ఆ కన్నాలు నేను చూశాను. దుమ్ము పోతుందేమో, చీమలు దూరతాయేమో అని, సరిగ్గా అక్కడే, మిగతా చోట కంటే దట్టంగా కుట్టాను. వేడి బయటికి పోక, లోపల చల్లబడక, పాపం ఫ్రిజ్ ఊపిరాడకుండా రాత్రింబవళ్ళు నడిచి నడిచి బ్యాటరీ మొత్తం తాగేసింది. మెకానిక్ దగ్గర ఎందుకు బాగుందంటారా? కవరు నా ఒళ్ళో ఉంది కదా!

మా ఆయన కన్నాల వంక చూశాడు. కవరు వంక చూశాడు. నా వంక మాత్రం చూడలేదు. అంత భయంలోనూ సిగ్గుతో చచ్చిపోయాను. అయినా నోరు ఊరుకుంటుందా? ‘ముందే కన్నాలు చూసి చెప్పొచ్చు గదా, నీకు కండ్లు లేవా?’ అని దానికీ ఆయన్నే తిట్టాను.

ఆ తిట్లే మమ్మల్ని కాపాడాయి. బట్టల తాన్లు వేసుకెళ్తున్న టెంపో ఒకటి పక్కన ఆగింది.

‘ఏందక్కా, మనోళ్ళేనా? తిట్లు ఇనంగనే అనుకున్న. మాది జగిత్యాల’ అన్నాడు డ్రైవరు, తన హమాలీతో కలిసి కిందికి దూకుతూ. ‘ఏమైంది బండికి?’

‘బ్యాటరీ డౌన్ తమ్మీ. పది నిమిషాలల్ల కామ్‌రేజ్ పోవాలె, లేకుంటే నా బతుకు ఆగమే.’

‘గంతేనా? అన్నా, నువ్వు సెకండ్ గేర్ల పెట్టుకొని కూసో. అక్కా, నువ్వు జరుగు, మేం నూకుతం.’

జరగడమా? నేను కుట్టిన కవరు చేసిన ఘనకార్యానికి నేను తోయకపోతే ఎట్లా? కొంగు నడుముకు చుట్టి, వాళ్ళ పక్కన డిక్కీ మీద చేతులు వేశాను. డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్ పరుగెత్తుకొచ్చి, ‘దూర్ దూర్! డిస్టెన్స్ రఖో!’ అని అరుస్తూనే తనూ ఒక చెయ్యి వేశాడు. అందరం కలిసి నూకితే కారు దగ్గి, తుమ్మి, ఎగిరి, స్టార్టయింది! జనం చప్పట్లు కొట్టారు. వీడియో తీసిన పుణ్యాత్ముడు అక్కడే ఎక్కడో ఉన్నాడు.

కారెక్కి ఫ్రిజ్ మూత తెరిచాను. తెరవడమేంటి, అదే తెరుచుకుంది! క్యాన్ల మూతలు లేచి పిండి పొంగి చుట్టూ పారుతోంది. వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నాను. కళ్ళు మూతపడ్డాయి. చింతపండు కూడా అంత పులుపుండదు! ‘వెనక్కి తిప్పు, ఇంటికి పోదాం’ అన్నాను. ఏడుపు ఆగలేదు. మా ఆయన కారు కామ్‌రేజ్ వైపే పోనిచ్చాడు. ఆయన చేసిన మంచి పని అదొక్కటే అని మీతో అంటున్నా గానీ, ఆయనతో మాత్రం అనలేదు.

చేరేసరికి ప్లేట్లు పట్టుకుని జనం నిలబడ్డారు. క్షమాపణ చెబుదామని నోరు తెరిచాను, హంసాబెన్ విననే లేదు. పెనం మీద మొదటి దోశ నాతో వేయించి, వాళ్ళత్తగారికి ఇచ్చింది. అందరూ ఆవిడను ‘బా’ అంటారు. ఇంట్లో పెద్ద, ఆవిడ బాగుందంటేనే వంట బాగున్నట్టు. బా ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఆగింది. చెట్నీ ముట్టకుండా ఇంకో ముక్క పెట్టుకుంది. నా చేతిలో గరిట చెమటకు జారిపోతోంది. మా ఆయన ఎందుకైనా మంచిదని కారు తాళంచెవి చేతిలోకి తీసుకున్నాడు.

‘మస్త్ ఖాటూ ఛే!’ అంది బా. ఎంత బాగా పుల్లగా ఉందో అని! పులిసిన పిండితో ఢోక్లా, హాండ్వో చేసుకుని తినే నాలుక అది. ‘ఇన్నేళ్ళూ నీ దోశలు చప్పగా ఉండేవి, పాపం ఏమనుకుంటావో అని అనలేదు. ఇవాళ కదా రుచి తెలిసింది’ అని ఇంకో రెండు వేయించుకుంది. ఆవిడ తిన్నాక ఇక ఆగుతారా? క్యాన్లు అడుగంటా గీకి దోశలు పోశాను. వెళ్ళేటప్పుడు పెళ్ళికొడుకు వాళ్ళమ్మ పెళ్ళికి కూడా నన్నే రమ్మంది. ఒకటే షరతు పెట్టింది: పిండి అచ్చం ఇట్లాగే పుల్లగా ఉండాలట!

ఇప్పుడు కామ్‌రేజ్ వైపు ఆర్డర్లు వరస కట్టాయి. పొద్దున పిండి క్యాన్లు ఫ్రిజ్‌లో పెట్టి, మూత గట్టిగా బిగించి, ప్లగ్గు పీకేసి బయల్దేరుతున్నాం. చేరేసరికి చక్కగా పొంగి, పులిసి, రెడీగా ఉంటోంది. కారు బ్యాటరీ అంటారా, ఆ తర్వాత ఒక్కసారి కూడా దిగలేదు!