వ్యాఖ్యానం లేని సినిమా

మా దోస్తులతో సినిమా చూడటమంటే నేను మాట్లాడటం, మిగతావాళ్లు నవ్వడం. ఆదివారం మధ్యాహ్నం కాజీపేటలో ఒక దోస్తు ఉండే రైల్వే క్వార్టర్‌లో అన్నాలు తిని, చాప మీద పడి, టీవీలో ఏదో ఒకటి పెట్టేవాళ్లం. హీరో తండ్రి పోతే బీమా కట్టాడో లేదో నేను అడగాలి. హీరోయిన్ వానలో తడిస్తే ఆరేసిన బట్టల సంగతి నేను గుర్తు చేయాలి. ఆ ఇంట్లో నా ఉద్యోగం అదే. జీతం పప్పుచారు.

ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, నేనొక మాట చెప్పాల్సి వచ్చింది. నా మనసు అమ్మాయిల మీదికి కాదు, అబ్బాయిల మీదికి పోతుందని. చెప్పాల్సింది ఆ ఇంటి దోస్తుకే. లోకోషెడ్‌లో పని చేస్తాడు, ఇంటర్ నుంచి నా పక్కన కూర్చున్న మనిషి. అతని మీద ప్రేమేమీ లేదు, అంత అందగాడూ కాడు. కానీ నా సంగతి దాచిపెట్టుకుని అతని చాప మీద పడుకోవడం ఈ మధ్య బరువైపోయింది. చెబితే ఆ చాప ఉంటుందో పోతుందో తెలియదు. అయినా ఒకటి రెండుసార్లు మొదలుపెట్టాను. నేను నోరు తెరవగానే అతను నవ్వడానికి సిద్ధమయ్యాడు.

అప్పుడు దొరికింది ఆ సినిమా. డోర్నకల్ నుంచి ప్యాసింజర్‌లో తిరిగొస్తూ ఫోన్‌లో ఇంకేదో వెతుకుతుంటే కనిపించింది. మరాఠీ, కింద ఇంగ్లీషు అక్షరాలు. పెద్ద కంపెనీలేవీ తీయలేదు. తీసినాయనే యూట్యూబ్‌లో ఉచితంగా పెట్టుకున్నాడు. పోస్టర్ మీద కుర్చీల గుట్ట తప్ప ఏమీ లేదు, అందుకే నొక్కాను. చిన్న ఊళ్లో ఇద్దరు మగవాళ్లు కలిసి టెంట్ హౌస్ నడుపుతారు. ఒకరంటే ఒకరికి ప్రాణం. అందులో ఒకతనికి పెళ్లి కుదురుతుంది. ఆ పెళ్లికి షామియానా రెండోవాడే వేయాలి. అంతే కథ. పాటల్లేవు, ఎవరూ బావిలో దూకరు. పెళ్లయ్యాక ఆ రెండోవాడే కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పేర్చుకుంటూ పోతాడు, కెమెరా కదలదు. వరంగల్‌లో దిగాల్సినవాణ్ని కాజీపేటలో దిగాను. ఏడ్చానని ఒప్పుకోను. ప్యాసింజర్‌లో దుమ్మెక్కువ.

నేను చెబితే జోకనుకుంటాడు కాబట్టి సినిమాతో చెప్పిద్దామనుకున్నాను.

ఆ ఆదివారం మూడోవాడు కూడా వచ్చాడు. వరంగల్ కాశిబుగ్గ అతనిది, తండ్రి మగ్గం నేస్తాడు, కొడుకు ఫోన్లు అమ్ముతాడు.

"ఏం సినిమార?" అన్నాడు.

"మంచి సినిమా."

"గట్లనా. అయితె గా దిండియ్యి, పడుకుంట."

సినిమా మొదలైంది. నేను మాట్లాడలేదు. కాసేపు ఓపిక పట్టి కాశిబుగ్గవాడే అడిగాడు.

"ఏమాయెర, ఇయ్యాల మైకు పని చేత్తలేదా?"

"చూడు."

"నువ్వేమన్న అంటెనే గద చూసేది. ఆడు గప్పటిసంది గుంజలే పాతుతాండు, నువ్వేమో సప్పుడు చేత్తలెవు."

తెరమీద చుట్టిపెట్టిన తివాచీల వెనక వాళ్లిద్దరూ చేతులు పట్టుకున్నారు. "ఓహో, గిదా కత," అని నవ్వి, వాడు నా వైపు తిరిగాడు. ఇక నా వంతు. నా దగ్గర అప్పటికప్పుడు జోకులు ఉన్నాయి, మంచివే. వేయలేదు. లోకోషెడ్ దోస్తు టీవీ వదిలేసి నన్ను చూస్తున్నాడు.

"ఆపుదామార?" అన్నాడు కాశిబుగ్గవాడు.

"నడువనియ్," అన్నాడు దోస్తు.

కాశిబుగ్గవాడు నిద్రపోయి గురక పెట్టాడు. నేపథ్య సంగీతం లేని సినిమాకు ఆ లోటూ తీరింది.

సాయంత్రం నన్ను బస్సెక్కించడానికి దోస్తు బ్రిడ్జి దాకా వచ్చాడు.

"గా సినిమా నాకోసమే పెట్టినవా?"

"అవ్."

"గా సినిమాల ఉన్నోళ్ల లెక్కనేనా నువ్వు?"

"అవ్."

"పరాచికమా?"

"కాదు."

సినిమాలో అయితే ఈ మాటలకు అడ్డంగా రైలు పోయేది. కాజీపేటలో అవసరానికి ఏ రైలూ రాదు. కింద ఒక గూడ్సు సిగ్నల్ కోసం ఆగి ఉంది. మేమిద్దరం దాన్నే చూశాం. సిగ్నల్ పడ్డాక అతను, "మంచిది తియ్. ఫికర్ చేయకు," అన్నాడు. ఇంతేనా అనుకుని సంతోషంగా బస్సెక్కాను.

అతను నన్ను వెళ్లగొట్టలేదు. అంతకన్నా మర్యాదైన పని చేశాడు. తిట్టడం మానేశాడు. అప్పటిదాకా నా పేరు అతని నోట వచ్చిందే లేదు. గాడిద, దరిద్రుడు, మా తాత ముత్తాతలు. ఇప్పుడు పేరు పెట్టి పిలుస్తున్నాడు. చాప మీద నా పక్కన పడుకుని కాలు నా మీద వేసేవాడు. ఇప్పుడు నేను వెళ్లేసరికి ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంటుంది. ఆ ఇంట్లో కుర్చీ చుట్టాలకు. ఒకరోజు అతని ఫోన్ చార్జింగ్‌కి పెడితే "థాంక్స్" అన్నాడు. నా జీవితంలో అంత దెబ్బ ఇంకెవరూ కొట్టలేదు.

ఎవరైనా మంచి సినిమా చెప్పమంటే ఇప్పటికీ దాన్నే చెబుతున్నాను. కొంచెం స్లో అని కూడా చెబుతాను. స్లో అనగానే మావాళ్లకు ఏదో పని గుర్తొస్తుంది. మీకు గుర్తు రాకపోతే చూడండి. కుర్చీలు పేర్చే సీన్ దాకా ఓపిక పట్టండి.

మొన్న ఆదివారం నేనొక ప్రయోగం చేశాను. తింటూ తింటూ చేపల పులుసు గిన్నెను మోచేత్తో తోశాను. అతని కొత్త దుప్పటి మీద పడింది, నిండుగా. తల వంచుకుని ఎదురుచూశాను.

"పర్లేదు," అన్నాడు. "ఉతికితె పోతది. నీ మీద పడలే గద?"

వంటింట్లోంచి వాళ్లమ్మ వచ్చి చూసింది.

"నీ చేతులిరుగ. కండ్లు నెత్తికెక్కినయార? మొన్ననే కొన్న దుప్పటది. తినుడు రాదు, కూసునుడు రాదు, ఏం పుట్టుక పుట్టినవ్ బిడ్డా."

తిడుతూనే నా కంచంలో ఇంకో చేప ముక్క వేసింది. దోస్తు కంచంలోకి చూస్తూ తింటున్నాడు. ఆమెకు అతనింకా ఏమీ చెప్పలేదన్నమాట. నేను ముల్లు తీసుకుంటూ, తొందరపడకుండా, ఆ ముక్క మొత్తం తిన్నాను.