బీరువాలో భద్రపరచిన సెట్టు

"సెట్లను వర్షమునకు తడవకుండా, చేజారకుండా, సంబంధిత అధికారి స్వీయ బాధ్యతపై భద్రపరచవలెను."

ఈ వాక్యం నేను రాసినదే. రాసిన రోజున రెండుసార్లు చదువుకుని తృప్తిపడ్డాను. మా కుటుంబంలో కాలేజీ చదువు పూర్తిచేసిన మొదటివాడిని నేను. కార్యాలయం ముద్ర కింద నా వాక్యం నిలబడడం అప్పట్లో నాకు చిన్న విషయం కాదు.

టెక్కలిలోని తుఫాను కంట్రోల్ రూమ్‌లో వైర్‌లెస్ సమన్వయం నా పని. పోలీసుల సెట్లది ఒక ఫ్రీక్వెన్సీ, అగ్నిమాపక సిబ్బంది సెట్లది మరొకటి. ఇద్దరు ఉద్యోగులు ఒకే రోడ్డు మీద భుజం భుజం తగిలేలా నిలబడినా, ఒకరి సెట్టులోని మాట రెండోవారి సెట్టుకు వినపడదు. అంబులెన్సు డ్రైవర్లకైతే సెల్‌ఫోనే దిక్కు. ఈ లోటు తీర్చడానికి అందరికీ ఒకే ఛానెల్ ఉన్న కొత్త చేతిసెట్లు వచ్చాయి. ఉద్దానం తీరంలోని పోలీసు, అగ్నిమాపక కేంద్రాలకూ, మత్స్యకార గ్రామాలకూ నేనే స్వయంగా పంచి, సంతకాలు తీసుకున్నాను. ప్రతి సెట్టుతోపాటు పై వాక్యమున్న కాగితం కూడా ఇచ్చాను. అంబులెన్సులకు మాత్రం తరువాతి విడతలో ఇస్తామన్నారు.

ఆ ఏడాది తుఫాను తెల్లవారుజామున తీరం దాటింది. ఉదయం ఎనిమిదింటికి గాలి తగ్గింది గాని, ఫోన్లు ఒక్కటీ పనిచేయడం లేదు. నేను ఉమ్మడి ఛానెల్‌లో వరుసగా పిలవడం మొదలుపెట్టాను. పోలీసు ఠాణాలు పలికాయి. అగ్నిమాపక కేంద్రం నుంచి జవాబు లేదు. మళ్లీ పిలిచాను. మూడోసారి పిలుస్తుండగా ఒక బొంగురు గొంతు అడ్డువచ్చింది. తీరంలోని ఒక గ్రామంలో నేను సెట్టు అప్పగించిన పెద్దాయనది ఆ గొంతు. పడవల మీద గడిపిన మనిషి.

"బాబూ, ఇనబడతందా? మా ఊరి పైన జీడితోటల మలుపు కాడ అంబులెన్సు ఇరుక్కుపోనాది. ముందు కొబ్బరిసెట్లు, ఎనకాల కొబ్బరిసెట్లు. నాను బండి పక్కనే ఉన్నాను. లోపల డయాలసిస్ మనిషి. ఒక వాయిదా తప్పిపోనాదంట. ఊపిరాడక ఆపసోపాలు పడతన్నాడు."

నేను అలవాటు ప్రకారం రోగి ఊరు, పేరు అడిగాను. ఆయన చెప్పిన ఊరు మాది. ఇంటిపేరు మాదే. మా చిన్నాన్న.

వారానికి మూడుసార్లు పలాస వెళ్లి రక్తం శుద్ధి చేయించుకుంటే తప్ప నిలవని ప్రాణం ఆయనది. ఒక వాయిదా తప్పితే ఒంట్లో చేరిన నీరు గుండె మీదికీ ఊపిరితిత్తుల మీదికీ వస్తుందని మా ఇంట్లో అందరికీ తెలుసు. లాగ్‌బుక్‌లో "డయాలసిస్ రోగి ఒకరు, పరిస్థితి విషమం" అని మాత్రమే రాశాను. బంధుత్వం రాయడానికి అందులో గడి లేదు.

చెట్లు కోసే రంపంతో అగ్నిమాపక బృందం ఆ మలుపుకు పడమరగా మూడు కిలోమీటర్ల దూరంలో పనిచేస్తోందని పోలీసుల వల్ల తెలిసింది. అంత దగ్గరలో ఉన్నవారికి నా మాట చేరే దారి లేదు. పోలీసు సెట్టులో ఒక కానిస్టేబుల్‌ను పిలిచి, అగ్నిమాపక కేంద్రానికి వెళ్లమని వేడుకున్నాను. ఇరవై నిమిషాలకు ఆయన అక్కడ నుంచి పలికాడు. మీట నొక్కిపట్టే మాట్లాడుతున్నాడు కాబట్టి, అక్కడి కాపలా ఉద్యోగితో అన్నది కూడా నాకు వినపడింది.

"కొత్త సెట్టేది బావా?"

"బీరువాలో ఉన్నాది. తాళం మా ఆఫీసరు జేబులో ఉన్నాది. ఆయన రోడ్డు మీద కొబ్బరిసెట్లు కోత్తన్నాడు."

"సెట్టుకి సలేత్తాదనేటి, బీరువాలో ఎట్టినారు?"

"ఎటకారాలొద్దు బావా. భద్రంగా ఎట్టమని కాయితం ఒచ్చినాది. గాలీవానలో పట్టుకెళ్తే, అది పోతే, సంజాయిషీ ఎవుడు రాత్తాడు, నువ్వు రాత్తావేటి?"

నా ఎదుట బల్ల మీద ఆ కాగితం నకలు ఉంది. దానివైపు చూడలేకపోయాను.

బృందం దగ్గర వారి శాఖ సెట్టు ఉంది. దానితో మాట్లాడే యంత్రం ఆ కాపలా గదిలోనే ఉంది. అందువల్ల కానిస్టేబుల్‌నూ కాపలా ఉద్యోగినీ పక్కపక్కన కూర్చోబెట్టాను. పెద్దాయన నాకు చెబితే, నేను కానిస్టేబుల్‌కు, ఆయన కాపలా ఉద్యోగికి, ఆయన బృందానికి. జవాబు అదే దారిన వెనక్కి. ఒక ప్రశ్న వెళ్లి రావడానికి అయిదారు నిమిషాలు పట్టేది.

బృందం అడిగింది: ఎటువైపు నుంచి రావాలి?

పెద్దాయన చెప్పాడు: పడమర నుంచే, కాలువగట్టు మీదుగా.

బృందం అడిగింది: గట్టు బండి బరువు ఆపుతుందా?

"ఏటి బాబూ, అడగడానికే పొద్దు పోతంది," అని పెద్దాయన విసుక్కున్నాడు. "గట్టు గట్టిదే అని సెప్పు. మా కుర్రోళ్లు ఇటుపక్క నుంచి గొడ్డళ్లతో కొడతన్నారు. బేగి రమ్మను."

ఆ తరువాత బృందం నుంచి మాట ఆగిపోయింది. వారు బండి ఎక్కి ఉండవచ్చు. గట్టు కూలి ఉండవచ్చు. నాకు తెలియదు. ప్రతి రెండు నిమిషాలకూ పెద్దాయనను రోగి స్థితి అడిగాను. "కూకోబెట్టినాం" అన్నాడు. "మాటాడతన్నాడు" అన్నాడు. ఒకసారి "కళ్లు మూసేసినాడు" అన్నాడు. నేను "గ్రహించాను, ఓవర్" అన్నాను.

పదకొండు దాటుతుండగా, పెద్దాయన మాట్లాడుతున్నప్పుడే ఆయన వెనుక నుంచి సన్నగా ఒక రొద వినిపించింది. పెరిగింది. రంపం చప్పుడు. బృందం చేరిందన్న కబురు వారి వరుస ద్వారా నాకు అందేసరికి, ఇటు పెద్దాయన సెట్టులో చెట్టు విరిగి పడిన మోత కూడా వినేశాను.

మధ్యాహ్నానికి చిన్నాన్న పలాసలో మంచం మీద ఉన్నాడు.

సాయంత్రం పెద్దాయనకు కృతజ్ఞత చెబుతూ, గ్రామాల సెట్లలో మీది ఒక్కటే ఎలా పలికిందని అడిగాను.

"గాలి తిరిగిన రోజున మా ఇళ్లల్లో సెట్టు కట్టేయరు బాబూ. పడవలు ఒడ్డునున్నా సరే. సంచిలో సుట్టి గుమ్మానికి ఏలాడదీత్తాం, ఎవుడో ఒకడు ఇంటాడు."

"నా కాగితం చదవలేదా?"

"సదివినాం. సదివి పక్కనెట్టినాం."

మూడో రోజున చిన్నాన్నను చూడటానికి వెళ్లాను. సూదులు గుచ్చిన ఎడమ చేయి కదపకుండా నన్ను చూసి నవ్వాడు.

"సెట్టులో మాటాడింది నువ్వేనంట గదరా! నానెవుడో పెద్దాఫీసరనుకున్నాను. గ్రహించాను, గ్రహించాను అంటన్నావు. పక్కనున్న అంబులెన్సు కుర్రోడు బయపడిపోనాడు, ఏటయిపోనాదో అని."

నేను నవ్వలేకపోయాను. కాగితం సంగతి ఆయనకు చెప్పాను. ఆయన యంత్రంలో తిరుగుతున్న తన రక్తం వైపు చూశాడు.

"మళ్లీ రాయి. ఈసారి బయపెట్టకుండా రాయి," అన్నాడు.

అక్కడే, మంచం పక్కన స్టూలు మీద కూర్చుని రాశాను. గాలి మొదలైతే సెట్టు ఆన్‌లో ఉండాలి. బండి ఎక్కినవారి భుజాన ఉండాలి. తడిసినా, పోయినా సంజాయిషీ అడగం.

మా పై అధికారి మొదటి రెండు వాక్యాలను ఆమోదించారు. మూడో వాక్యం పక్కన ఎర్ర సిరాతో ప్రశ్నార్థకం పెట్టారు. సెట్టు బీరువాలో పెట్టినందుకు ఆ అగ్నిమాపక కేంద్రం అధికారిని సంజాయిషీ కోరాలని తుఫాను సమీక్షలో నిర్ణయించిన ఫైలు కూడా అదే బల్ల మీద ఉంది. నేను తెల్లకాగితం తీసుకుని, ఆయన నా ఉత్తర్వును అక్షరాలా పాటించారనీ, తప్పు నా వాక్యానిదనీ రాసి, సంతకం చేసి, రెండు ఫైళ్ల మీదా పెట్టాను.

ఉద్యోగంలో చేరాక నేను రాసిన మొదటి సంజాయిషీ అది. ఎవరూ అడగలేదు. కొత్త ఉత్తర్వులో మూడో వాక్యం అలాగే నిలిచింది.