మా మేనత్త, పడవ ఇంజను

మొన్న నల్లపాడు గేటు దగ్గర మా కారు వేడెక్కి ఆగిపోయింది. డ్రైవరు బానెట్ ఎత్తేముందు, దాని కింద వేలాడుతున్న నిమ్మకాయల దండకు దణ్ణం పెట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట పాపం అతని మీద కాదు, పాతికేళ్ళ కిందటిది.

తొంభైల చివర్లో, దర్శి పక్క మా ఊళ్ళో, వాగు గట్టున ఒక పడవ ఇంజను ఉండేది. సముద్రపు రేవులో చవగ్గా వస్తోందని మా పెదనాన్న కొనుక్కొచ్చి మిరప తోటలకు నీళ్ళు తోడటానికి పెట్టాడు. పడవ ఇంజనుకు మెట్టచేలో ఏం పనని ఊరు నవ్వింది గానీ, అది భేషుగ్గా నడిచేది. ఒక సన్నటి గొట్టం వాగులోంచి నీళ్ళు లాగి, ఇంజను చుట్టూ తిప్పి చల్లబరిస్తే, ఇంకో గొట్టం వాటిని షెడ్డు బయట పోసేది. ఆ వెచ్చటి ధారలో కాళ్ళు కడుక్కోవడం మాకందరికీ అలవాటు.

ఆ తోటల్లో ఒక ఎకరం మా మేనత్తది. భర్త పోయి పుట్టింటికి వచ్చిన ఆవిడకు అదే బతుకుతెరువు. మిరప పూత మీదున్న రోజుల్లో, ఒక పొద్దున పాలేరు రాకపోతే తనే హ్యాండిల్ తిప్పి ఇంజను వేసింది. కాసేపటికే అది పొగలు కక్కి ఆగిపోయింది. ఆయిలు మార్చారు, కొబ్బరికాయ కొట్టారు. మళ్ళీ వేస్తే మళ్ళీ అదే వరస. పెదనాన్న నలుగురిలో కేకలేశాడు: "పొద్దున్నే నిన్నెవరు ముట్టుకోమన్నారే? నీ చెయ్యి పడ్డాకే గదా ఇట్టా అయింది! ఇక షెడ్డు గడప తొక్కావంటే ఊరుకోను." చుట్టూ ఉన్న మగాళ్ళంతా తలలూపారు. ఇంజనుక్కూడా ముత్తైదువ చెయ్యే కావాలట!

అత్త ఏడవలేదు. మర్నాడు వాళ్ళు ఇంజను వేసినప్పుడు, షెడ్డు బయటే నిలబడి గొట్టం కింద చెయ్యి పెట్టి చూసింది. "అన్నయ్యా, ఎప్పుడూ ధారగా పడే నీళ్ళు చుక్కలుగా పడుతున్నాయి. లోపలికి రాకపోతే బయటికెట్టా వస్తాయి?" అంటూ చీర ఎగ్గట్టి వాగులో దిగి, నీళ్ళు లాగే గొట్టం పైకెత్తింది. దాని మూతికున్న జాలీకి ఒక పసుపు గుడ్డ అతుక్కుపోయి ఉంది, ముడిలో కుళ్ళిన నిమ్మకాయతో సహా. దసరా పూజనాడు, దిష్టి తగలకూడదని పెదనాన్న స్వయంగా గొట్టానికి కట్టిన గుడ్డే జారి మూతికి అడ్డం పడింది.

గుడ్డ పీకేశాక ఇంజను నడిచింది, అత్త చేను తడిసింది. పెదనాన్న ఏమన్నాడో తెలుసా? "చూశారా, ఊరి దిష్టంతా ఆ గుడ్డే లాగేసుకుంది!" అన్నాడు. సాయంత్రానికి కొత్త గుడ్డ కట్టాడు కూడా. అత్తను మాత్రం షెడ్డులోకి రమ్మని ఎవరూ అనలేదు. తన చేనుకు నీళ్ళు పెట్టిన ప్రతిసారీ ఆవిడ బయటే నిలబడి, ఇంజను వెయ్యమని ఎవరినో ఒకరిని బతిమాలుకునేది.

ఇంజను తుక్కు కింద పోయింది. పెదనాన్నా పోయాడు, అత్తా పోయింది. కాలం అన్నిటినీ చల్లారుస్తుందంటారు గానీ, ఆవిడను ఆ గడప దాటి రమ్మని ఒక్కరూ అనని సంగతి నాలో ఇంకా కాగుతూనే ఉంది.