రెండు మిషన్లు, ఒక భుజం

మొన్న నా నడుముకు అంటించిన ప్యాడ్ కింద సన్నటి కరెంటు చీమల్లా పాకగానే సరళ మేడం మాట చెవిలో పడినట్టయింది: "హాయిగా ఉందా? సరే, వంగి చూపించండి." మద్దిలపాలెంలో చిన్న ఫిజియోథెరపీ క్లినిక్ నడిపేవారావిడ. ఐస్ ఫ్యాక్టరీలో తూకాలు చూస్తూ లెక్కలు సొంతంగా నేర్చుకున్న నాకు, అసలు దేన్ని కొలవాలో నేర్పింది ఆవిడే.

మా అక్క భర్త అప్పన్న బావను ఆవిడ దగ్గరికి తీసుకెళ్లాను. ఫిషింగ్ హార్బర్‌లో బోటు మీద వల లాగే మనిషి. కుడి భుజం పట్టేసింది. ఏటా రెండు నెలలు సముద్రంలో ఉండే వేట నిషేధం ముగిసేలోగా తాడు లాగలేకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటానని బోటు నడిపే సరంగు చెప్పేశాడు. క్లినిక్‌లో రెండు మిషన్లుండేవి. ఒకటి చర్మం మీంచి కరెంటు పంపి నరాలను కదిలించేది. రెండోది తీగచుట్టలో కరెంటు పారించి అయస్కాంత శక్తిని పుట్టించేది. దాని కింద ఒంటికి ఏమీ తెలియదు. మేడం ఒకరోజు ఇదీ, ఒకరోజు అదీ పెట్టి, ఆ తర్వాత ఒకే వ్యాయామం చేయించేవారు.

"ఏటి మేడంగారూ, స్విచ్ ఎయ్యనేదేటి?" అన్నాడు బావ, అయస్కాంతం పెట్టిన రోజున.

"వేశాను అప్పన్నా, లైటు చూడు."

"లైటు ఎలిగితే నాకేటి? బుజంలో ఎలగాల. ఆ సీమలు పాకే మిషనే ఎట్టండి."

నొప్పికి పదికి ఎన్ని మార్కులో రోజూ బావను అడిగి, ఏ మిషన్‌కు ఆ మిషన్ సగటు కట్టాను. కరెంటు మిషనే గెలిచింది. గర్వంగా చెబితే మేడం నవ్వారు. "ఆయన మార్కులు భుజానికి వేశాడా, చీమలకా? చెయ్యి ఎంత ఎత్తుకు లేస్తోందో చూడండి." గోడ మీద సుద్దతో గీతలు పెట్టాం. రోజులు గడిచేకొద్దీ గీతలు పైకి జరిగాయి, కానీ ఏ మిషన్ పెట్టినా దాదాపు ఒకే తీరున! నా సగటుకూ ఆ గోడకూ పొంతనే లేదు. ఆ ఆశ్చర్యంలో ఆ పూట నాకు ఆకలి తెలియలేదు.

ఒక సాయంత్రం కరెంటు పోయింది. వెళ్లొస్తామన్నాను. మేడం కుర్చీలోంచి లేచేశారు. "ఎక్కడికండీ? ఏ మిషనూ పెట్టని రోజు మన లెక్కలో ఇన్నాళ్లూ లేదు, ఇదే ఆ రోజు." ఏ మిషనూ లేకుండా వ్యాయామం చేయించారు. బావ పళ్లు బిగించి, నన్ను తిట్టుకుంటూ చేశాడు. గీత మాత్రం మిషన్ పెట్టిన రోజుల్లాగే పడింది. ఒక్కరోజుతో తేల్చకూడదని, మధ్యమధ్య మిషన్ లేని రోజులు మరికొన్ని కలిపారు. అన్నీ అలాగే వచ్చాయి.

"ఈయన చేతిని లేపుతున్నది వ్యాయామం. కరెంటు మిషన్ దాన్ని నొప్పి తెలియకుండా చేయనిస్తోంది, అదీ చిన్న సాయం కాదు. అయస్కాంతం సంగతి ఈ ఒక్క భుజంతో నేను చెప్పలేను," అన్నారు మేడం. చెప్పలేను అనే మాటను అంత సంబరంగా అన్నవాళ్లను నేను అంతవరకు చూడలేదు.

నిషేధం ముగిసిన తెల్లవారుజామున మేడం, నేను జెట్టీ మీద నిలబడ్డాం. బోటు మీదున్న బావకు సరంగు వల తాడు అందించాడు. బావ లాగాడు. ఆగాడు. మళ్లీ లాగాడు, వల జెట్టీ మీంచి జారి బోటులో పడింది.

"నొప్పి ఉందా అప్పన్నా?" మేడం కేకేశారు.

"ఉంది మేడంగారూ. ఉంటే ఉండనీండి, సెయ్యి వత్తంది కదా."

సరంగు పక్కకు జరిగి బావకు చోటిచ్చాడు.

ఎవరైనా ఫలానా మిషన్‌తో తగ్గిందంటే ఇప్పటికీ రెండు ప్రశ్నలు వేస్తాను: నొప్పి ఎలా ఉంది, ఏ పని చేయగలుగుతున్నావు. ఆ రెండు జవాబులనూ కలిపి సగటు మాత్రం కట్టను.