దమ్ము అని రాయి బిడ్డా

పటాన్‌చెరు దిక్కు ఒక ఫ్యాక్టరీల పదకొండేండ్లు పౌడర్ డబ్బాలు నింపిన. ఆ దుమ్మే లోపటికి పోయిందో ఏమో, ఇప్పుడు నాకు దమ్ము. నాలుగడుగులు నడిస్తె ఊపిరి గుంజుకోవాలె.

మందుల కోసం సంగారెడ్డి దవఖానకు పోతే, ఒక పిల్ల కాయిదాలు పట్టుకోని నా పక్కన కూసుంది. రుద్రారం హాస్టల్ల ఉండి చదువుకుంటున్నదట.

"పెద్దమ్మా, జబ్బుతోని మీ బతుకు ఎట్ల నడుస్తుందో అడిగే ప్రశ్నలు ఇవి. పదిహేను రోజులకు మల్ల ఇవే అడుగుత."

"ఎందుకు, ఒక్కసారి చెప్తె ఇనపడదా?"

పిల్ల నవ్వింది. "మీ పానం గిట్లనే ఉంటే జవాబులు గూడ గిట్లనే ఉండాలె. అప్పుడే ఈ ప్రశ్నలను నమ్మొచ్చని తెలుస్తది. పరీక్ష మీకు కాదు, కాయిదానికి."

సరే అన్న. మెట్లెక్కితే ఆయాసం వస్తుందా అని అడిగింది. రాదన్న. తోటపని చేస్తే ఆయాసం వస్తుందా అన్నది. "మా ఇంటెనక ఉన్న రెండు బెండ చెట్లను తోట అంటవా? రాదు." స్నానం చేస్తే? "తానం చేస్తె ఆయాసమేంది, పానం హాయిగుంటది."

ఇంటికాడ ఈ ముచ్చట చెప్తె మా ముసలాయన ఒకటే నవ్వుడు. "నాతోని ఎన్నడన్న ఒక్క మాట మీద ఉన్నవా? ఆ పిల్ల పరేషాన్ అయితది."

రెండోసారి పోయిననాడు లిఫ్టు బందున్నది. మెట్లెక్కి పైకి పోయేసరికి నోట మాట లేదు. ఆ పిల్లే ఉరికొచ్చి చెయ్యి పట్టుకున్నది. "అయ్యో పెద్దమ్మా, దమ్మొస్తుందా? కూసోండి." ఇగ అదే మాట ఆమె నోట్ల ఉండిపోయింది. మెట్లెక్కితే దమ్మొస్తుందా? వస్తది. తోటపని చేస్తే? వస్తది. స్నానం చేస్తే? చెంబు ఎత్తంగనే వస్తది.

ఆమెకు ఈ పని చెప్పిన సారు వచ్చి రెండు కాయిదాలు పక్కపక్కన పెట్టి చూసిండు.

"అప్పుడు అన్నిటికీ లేదంది, ఇప్పుడు అన్నిటికీ ఉందంటోంది. చదువు లేనివాళ్లు రోజుకో మాట చెప్తారు. ఈమెను తీసెయ్."

నా ముంగటనే అన్నడు. మా ఊరు లక్డారంల ఎవరి పెండ్లికి ఏం కూర వండిన్రో మర్చిపోతే నన్నొచ్చి అడుగుతరు. నాది రోజుకో మాటనా?

"జెర ఆగు సారూ. ఆనాడు ఈ పిల్ల ఆకుపచ్చ చున్నీ ఏసుకున్నది. మెట్లెక్కితే ఆయాసం వస్తుందా అన్నది, రాదన్న. ఆయాసమంటే మాకు పొద్దంత నాట్లేసి వచ్చినంక ఉండే అలుపు. కూసుంటే పోతది. గా అలుపు నాకు లేదు. ఇయ్యాల దమ్మొస్తుందా అన్నది, వస్తదన్న. నేను మాట మార్చలే. మాట మారింది మీ దిక్కు."

పిల్ల తల దించుకున్నది. "అవును సర్. ఇయ్యాల నేనే దమ్ము అని అడిగిన."

"ఆయాసం అంటే అందరికీ తెలిసిందే కదమ్మా," అన్నడు సారు.

"నాకు తెల్వలే. ఈ బెంచి మీదున్నోళ్లను అడుగు, ఎందరికి తెలుసో."

బెంచి చివర కూసున్న, కొండాపూర్ నుంచొచ్చిన తాత ఒకాయన అడగకముందే అన్నడు. "దమ్మంటరు సారూ. ఆయాసమని ఎవలంటరు?"

"ఇన్నవా? పరీక్ష కాయిదానికన్నరు గద. కాయిదం ఫెయిలయితె నన్నెందుకు తీసేస్తరు? నా రెండు కాయిదాలు ఉండాలె, ఎందుకు కలువలేదో దాని మీద రాయాలె. అప్పటిదాక నేను లేవ."

లేవమన్నా అప్పుడే లేచే దమ్ము గూడ నాకు లేదు. ఆ సంగతి సారుకు చెప్పలే.

ఆయన శానసేపు కాయిదాలు తిరగేసిండు. ఆఖరికి పిల్ల దిక్కు చూసి, "ఈమెవి రెండూ ఉంచు. ఆయాసం పక్కన దమ్ము అని రాసి పెట్టు. మిగతావాళ్లను కూడా అడగాలి," అన్నడు.

పిల్ల పెన్సిల్ తీసింది. నేను చదివింది రెండో తరగతే. గాని పెన్సిల్ రాతకు రబ్బరుంటదని అప్పుడే నేర్పిన్రు.

"పెన్నుతోని రాయి బిడ్డా," అన్న.