మా అరుగు మీద ఉగ్గుగిన్నెలు

మా అమ్మాయి పుట్టి ఏడో నెల నడుస్తుండగా మా ఆవిడకి టీచరు ఉద్యోగం వచ్చింది. తొంభైల చివర్లో మాట. అప్పుడు మేం తణుకులో ఉండేవాళ్ళం. నేను చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు కాటా దగ్గర పనిచేసేవాణ్ణి. అది సీజన్ ఉద్యోగం. చలికాలంలో క్రషింగ్ మొదలైతే ఎండలు ముదిరేదాకా ఊపిరాడదు. ఆ తర్వాత మళ్ళీ ఫ్యాక్టరీ గొట్టం పొగ వదిలేదాకా ఇంట్లో కూర్చోవడమే. పేపరు చదవడం, సాయంత్రాలు స్నేహితులతో కాలవగట్టు దాకా నడిచి రావడం, ఇదీ నా వేసవి.

మా ఆవిడకి వచ్చింది పాలకొల్లు అవతల ఒక పల్లెటూరి స్కూలు. రెండు బస్సులు మారాలి. పొద్దున్నే బయల్దేరితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరాలి. పిల్లని మా అమ్మ చూసుకుంటుందనే ధైర్యంతోనే సరేనంది. స్కూళ్ళు తెరిచే ముందు వారం, వాన పడ్డ పెరట్లో బట్టలు తీయబోయి అమ్మ జారిపడింది. చీలమండ విరిగింది. మోకాలి దాకా కట్టు కట్టి, మంచం దిగొద్దన్నాడు డాక్టరు.

ఆ సాయంత్రం మా ఆవిడ పిల్లని ఒళ్ళో పెట్టుకుని, "నేను జాయినవ్వనండీ అత్తయ్యగారూ. ఈ ఉద్యోగం పోతే పోయింది," అని కళ్ళు తుడుచుకుంది.

"ఎందుకు జాయినవ్వవమ్మాయ్? ఇంట్లో ఇంత మనిషి ఖాళీగా ఉన్నాడు కదా," అంది అమ్మ.

ఇద్దరూ నా వైపు చూశారు. నేను పేపరు కిందికి దించాను.

"ఆయనకి కాఫీ పెట్టుకోవడమే రాదు కదండీ," అంది మా ఆవిడ.

"నేర్పుతాను. నాకు విరిగింది కాలు. నోరు బాగానే ఉంది," అంది అమ్మ.

అలా నా చదువు మొదలైంది. అమ్మ మంచాన్ని హాల్లో వంటగది గుమ్మానికి ఎదురుగా వేయించుకుంది. అక్కణ్ణించి ఆవిడకి గుమ్మమూ, నా వీపూ కనిపిస్తాయి గాని పొయ్యి కనిపించదు. అయినా ముక్కుతోనే మొత్తం నడిపించింది.

మొదటి పాఠం ఉగ్గు. పాత బియ్యం, పెసరపప్పు, కొంచెం కందిపప్పు కడిగి, పలచటి గుడ్డ మీద నీడలో ఆరబెట్టాలి. దేనికది విడిగా సన్నటి సెగ మీద దోరగా వేయించాలి. చివర్లో చిటికెడు వాము. చల్లారాక సన్నటి రవ్వలా పట్టి డబ్బాలో పోసుకుంటే, కావలసినప్పుడల్లా ఒక చెంచా తీసి ఉడికించుకోవచ్చు. వినడానికి ఇంతే. బియ్యం బాగానే వేగాయి. పెసరపప్పు దగ్గర నాకు ఉత్సాహం వచ్చింది. బాగా ఎర్రబడితే కదా రుచి అనుకుని మంట పెంచాను.

"దింపెయ్," అంది అమ్మ హాల్లోంచి.

"ఇంకా కొంచెం రంగు రావాలమ్మా."

"అది పకోడీ కాదురా, పసిదాని తిండి! దింపమన్నానా!"

నేను దింపేసరికే అడుగున ఉన్నది నల్లబడిపోయింది. ఇల్లంతా కమురు వాసన. ఆ పప్పుని అమ్మ ఎదురింటివాళ్ళ కోళ్ళకి వేయించింది. అవి కూడా కాస్త ఆలోచించుకుని తిన్నాయి.

రెండోసారి సరిగ్గా వేగింది. మిక్సీలో పట్టి, మరుగుతున్న నీళ్ళలో చెంచాడు పోసేసరికి ఉండలు కట్టేసింది. "ముందు చన్నీళ్ళలో కలుపుకోరా అబ్బాయ్, ఆ తర్వాత పొయ్యి మీద పెట్టు. గరిటె ఆపకు," అంది అమ్మ. మూడోసారికి పాలమీగడలాంటి జావ వచ్చింది. రెండు ఉప్పురవ్వలు, అర చెంచా నెయ్యి. గిన్నె పట్టుకొచ్చి అమ్మకి చూపించాను. వేలితో తాకి, నాలిక మీద వేసుకుని, "తినొచ్చు," అంది. నాకు పరీక్ష పాసైనంత సంతోషం వేసింది.

కాళ్ళు చాపుకుని, పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకుని, మొదటి చెంచా నోట్లో పెట్టాను. అది నా ముఖంలోకి అనుమానంగా చూసింది. తర్వాత నాలికతో మొత్తం బయటికి నెట్టేసింది. గడ్డం మీద నుంచి తీసి మళ్ళీ పెట్టాను. మళ్ళీ నెట్టేసింది. మూడోసారి 'బుర్ర్' అంది. నా కళ్ళద్దాల మీద, మీసాల మీద ఉగ్గు.

"ఇష్టం లేక ఉమ్మేస్తోందమ్మా," అన్నాను నీరసంగా.

"ఉమ్మడం కాదురా. ఇన్నాళ్ళూ చీకడమే గాని మింగడం దానికేం తెలుసు? నీకు పొయ్యి కొత్త, దానికి చెంచా కొత్త. ఇద్దరూ నేర్చుకోండి," అంది అమ్మ.

నేర్చుకున్నాం. వారం తిరిగేసరికి నెట్టేదానికన్నా మింగేది ఎక్కువైంది. అప్పుడు ఒక్కొక్కటీ కొత్త రుచి మొదలుపెట్టాం. పప్పుకట్టులో మెత్తగా మెదిపిన అన్నం. ఉడికించి వడగట్టిన క్యారెట్టు. చక్కెరకేళి పండుని చెంచాతో గీకి పెడితే రెండు చేతులూ ఊపేది. రాగిజావ తాగితే పై పెదవి మీద మీసం మొలిచేది. ఏ కొత్త పదార్థం పెట్టినా రెండు మూడు రోజులు అదొక్కటే చూడాలని అమ్మ పట్టుబట్టేది. "నాలుగూ కలిపి పెట్టావనుకో, కడుపుకి ఏది పడలేదో ఎలా తెలుస్తుంది?" అనేది. సాయంత్రం బస్సు దిగి వస్తూనే మా ఆవిడ చెప్పులు విప్పకుండా అడిగే ప్రశ్నలు రెండు. "ఎంత తింది? దొడ్డికి ఎలా వెళ్ళింది?" అని. చెరుకు బళ్ళ తూకం చెప్పినంత శ్రద్ధగా రెండింటికీ జవాబు చెప్పేవాణ్ణి.

శ్రావణమాసంలో ఒకరోజు ఉగ్గుపిండి అయిపోయింది. అన్నీ వేయించి సిద్ధం చేసుకున్నాక కరెంటు పోయింది. లైను మీద చెట్టుకొమ్మ పడిందనీ, సాయంత్రం దాకా రాదనీ కబురు. పిల్లకి ఆకలేళ అవుతోంది. "అటక మీద తిరగలి ఉంది, దింపుకో," అంది అమ్మ. దింపాను. వంటగదిలో చీకటి, ఉక్క. అరుగు మీద చాప వేసుకుని, తిరగలికి అటూ ఇటూ కాళ్ళు చాపి కూర్చుని తిప్పడం మొదలుపెట్టాను.

మీసాలున్నవాడు లుంగీ ఎగ్గట్టుకుని వీధిలో తిరగలి తిప్పుతుంటే చూడకుండా ఎవరు పోతారు? సైకిళ్ళు ఆగాయి. నాతోపాటు కాటా దగ్గర పనిచేసే స్నేహితుడు బండి ఆపి, "ఏం గురూ, ఆఫ్ సీజన్లో కొత్త మిల్లు పెట్టావా?" అని నవ్వాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. కానీ మా పిల్ల మాత్రం ఆ గరగర చప్పుడుకి కేరింతలు కొడుతూ తిరగలి పిడి అందుకోవడానికి పాక్కుంటూ వస్తోంది. దాని ముఖం చూశాక సిగ్గు పోయింది.

ఎదురింటి ఆవిడ వీధి దాటి వచ్చింది. అమ్మ కంటే కొంచెం చిన్నది. కోళ్ళు ఆవిడవే. ఏడాదిన్నర మనవడు చంకలో ఉన్నాడు.

"అలా కాదు బాబూ, గుప్పెళ్ళు గుప్పెళ్ళు పోసేస్తే నలగదు. నాలుగేసి గింజలు పోయండి. ఏంటండీ వదినగారూ, అబ్బాయి చేత భలే పని చేయిస్తున్నారే!" అంది లోపలికి తొంగిచూస్తూ.

"ఆయ్, తాతలనాటి తిరగలండీ. కరెంటు బిల్లు రాదు," అంది అమ్మ మంచం మీంచి.

ఆవిడ కూర్చుని పిడికి రెండో వైపు చెయ్యి వేసింది. ఇద్దరం తిప్పితే పని ఇట్టే అయిపోయింది. ఆ పిండితో చేసిన ఉగ్గుకి మిక్సీ పిండికి లేని కమ్మదనం ఉందని అమ్మ తీర్పు చెప్పింది. ఇక మిక్సీ జోలికి పోనివ్వలేదు.

అమ్మ కట్టు విప్పేశారు. కర్ర పట్టుకుని మెల్లగా నడిచేది గాని, కింద కూర్చోలేకపోయేది, పిల్లని ఎత్తలేకపోయేది. ఇంతలో మా అమ్మాయికి పళ్ళు రావడం మొదలైంది. అంతవరకూ గిన్నె చూడగానే నోరు తెరిచిన పిల్ల, పెదవులు బిగించేసింది. పాట పాడాను. కాకిని చూపించాను. చెంచాని రైలు చేశాను. ఏదీ పనిచెయ్యలేదు. మూడు రోజులు పాలు తప్ప ఏమీ ముట్టలేదు. మా ఆవిడ బస్సులో దిగులుపడుతూ వెళ్ళి, దిగులుపడుతూ వచ్చేది.

ఒక సాయంత్రం గిన్నె పట్టుకుని అరుగు మీద కూర్చుని బతిమాలుతుంటే ఎదురింటి మనవడు తప్పటడుగులేసుకుంటూ వచ్చాడు. నా ముందు నిలబడి "ఆ..." అని నోరు తెరిచాడు. ఊరుకోలేక వాడికి ఒక చెంచా పెట్టాను. మా పిల్ల ఆ చెంచా వాడి నోట్లోకి పోవడం చూసింది. ముఖం ఎర్రబడింది. నా మోచెయ్యి పట్టి లాగి, వాడికన్నా పెద్దగా నోరు తెరిచింది. వాడికొకటి, దానికొకటి. గిన్నె ఖాళీ!

"చూశారా వదినగారూ, మీ మనవరాలికి పోటీ కావాలిట!" అని ఎదురింటావిడ పకపకా నవ్వింది. మర్నాడు మనవడి గిన్నె కూడా పట్టుకుని వచ్చింది. ఆ మర్నాడు మూలింటి కోడలు తన కొడుకుని తెచ్చింది. వాడు ఇంట్లో బిస్కెట్లు తప్ప ఏమీ తినడట. మా అరుగు మీద పప్పన్నం తిన్నాడు. పది రోజులు తిరిగేసరికి సాయంత్రం ఎండ తగ్గే వేళకి అరుగు మీద పసిపిల్లల పంక్తి తయారైంది. తల్లులు, అమ్మమ్మలు, నాన్నమ్మలు, నడుమ నేను. ఒకరి గిన్నెలో బంగాళదుంప, ఒకరి గిన్నెలో పాలకూర పప్పు, ఒకరి గిన్నెలో ఉడికిన గుడ్డులోని పచ్చసొన. మా పిల్ల తన గిన్నెలోది వదిలేసి పక్కవాళ్ళ గిన్నెలోకి చూసేది. వాళ్ళు దీని గిన్నెలోకి చూసేవాళ్ళు. అమ్మ గుమ్మంలో కుర్చీ వేసుకుని, "ఆ పిల్లాడికి కారం తగిలినట్టుంది, చూడండి," "దానికి వేడిగా ఉంది, ఊదండమ్మా," అని పెత్తనం చేసేది. కాలు విరిగిన బెంగ ఎప్పుడు పోయిందో ఆవిడకే తెలీదు.

ఉగ్గుపిండి అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. ఆదివారం పొద్దున్న ఎవరి బియ్యం, పప్పులు వాళ్ళు తెచ్చుకునేవారు. వేయించడం నా వంతు. తిప్పడం అందరి వంతు. నన్ను చూసి నవ్విన స్నేహితుడు కూడా ఒక ఆదివారం స్టీలుడబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. వాళ్ళ రెండోవాడికి ఆరో నెల వచ్చింది.

"మిల్లు ఓనరు గారూ, మా ఆవిడ పంపించిందండీ," అన్నాడు తల గోక్కుంటూ.

"కూర్చో. తిరగలి తిప్పితేనే పిండి," అన్నాను. లుంగీ ఎగ్గట్టి కూర్చున్నాడు.

ఇంత సందడిలోనూ మా ఆవిడ ముఖంలో ఒక చిన్న నీడ ఉండేది. నేను గమనించేసరికి ఆలస్యమైంది. ఆ రోజు ఆదివారం. క్రషింగ్ మొదలవడానికి ఇంకా కొద్దిరోజులే ఉంది. పిల్లకి ఏడాది నిండింది. మా ఆవిడ ముచ్చటపడి తోటకూర పప్పు వండి, అన్నంలో మెత్తగా కలిపి, నెయ్యి వేసి ముద్ద పెట్టబోయింది. పిల్ల తల తిప్పి నా వైపు చేతులు చాపింది. మళ్ళీ పెట్టబోతే ఏడుపందుకుంది. నేను చెయ్యి చాచానో లేదో, ఏడుపు ఆపేసి నోరు తెరిచింది.

మా ఆవిడ కంచం కింద పెట్టేసింది. "వారం రోజుల్లో మీరు డ్యూటీకి పోతారు. అప్పుడు అత్తయ్యగారు పెట్టినా, నేను పెట్టినా ఇది తినకపోతే ఎలా? నేనేమన్నా పరాయిదాన్నా?" అని పెరట్లోకి వెళ్ళిపోయింది.

నేను వెనకాలే వెళ్ళబోయాను. అమ్మ గొంతు తగ్గించి, "నువ్వు కళ్ళెదురుగా ఉంటే పిల్ల వాళ్ళమ్మ చేత్తో తినదురా. చొక్కా వేసుకుని కాసేపు బయటికి పో," అంది.

కాలవగట్టు దాకా నడిచాను. మనసంతా ఇంట్లోనే. తిందో లేదో, ఏడుస్తోందేమో. బాతులు నీళ్ళలో తలలు ముంచి తోకలు పైకెత్తి మేస్తున్నాయి. పిల్లని తెచ్చి చూపించాల్సింది అనుకున్నాను. ఎక్కువసేపు ఉండలేక వెనక్కి వచ్చేశాను. లోపలి నుంచి ఏడుపు వినిపించలేదు. కిటికీలోంచి చూశాను.

పిల్ల చాప మీద కూర్చుని ఉంది. ముందు చిన్న కంచం. రెండు చేతులూ మోచేతుల దాకా అందులోనే. జుట్టులో తోటకూర, చెవిలో మెతుకులు, చాప నిండా పప్పు. మా ఆవిడ ఎదురుగా తన కంచం పెట్టుకుని, దాని వైపు చూడనట్టు తను తింటోంది. పిల్ల ఒక గుప్పెడు పట్టుకుని, సగం నేలపాలు చేసి, మిగిలింది నోట్లో కుక్కుకుంది.

నేను ఆగలేక లోపలికి వెళ్ళి, "అదేంటి, పొలమారుతుందేమో..." అన్నాను.

"ఉష్, మాట్లాడకండి. నేను చూస్తూనే ఉన్నాను," అంది మా ఆవిడ తలెత్తకుండా. "స్కూల్లో ఒకటో తరగతి పిల్లల దగ్గర చూస్తుంటాను. తినమని వెంటపడితే తినరు. మన పాటికి మనం తింటుంటే వాళ్ళే తింటారు. దీనికీ కంచం ఇచ్చేశాను."

అమ్మ కుర్చీలోంచి, "ఇల్లంతా చీమలు పడతాయి," అని సణిగింది గాని, ముఖం నిండా నవ్వే.

నేను గోడకి ఆనుకుని కూర్చున్నాను. పిల్ల నన్ను చూసింది. ఏడవలేదు, చేతులు చాపలేదు. దాని పని దానికి ఉంది. కంచంలోంచి ఇంకో గుప్పెడు తీసింది. దాన్ని కాసేపు పరిశీలించి, లేచి, తల్లి భుజం పట్టుకుని నిలబడి, ఆ నలిగిన ముద్దని మా ఆవిడ నోటికి అందించింది. మా ఆవిడ కళ్ళు మూసుకుని తినేసింది. ఆ రోజు అంత రుచైన అన్నం ఎవరూ తిని ఉండరు అన్నట్టు తల ఊపింది.

నేనూ ముందుకి వంగి నోరు తెరిచాను. మా అమ్మాయి నా వైపు ఒకసారి చూసి, పప్పు అంటిన ఆ చేతిని నా చొక్కాకి శుభ్రంగా తుడుచుకుంది.